ఏటి ఒడ్డు గుడారం వద్దన్న రాజ్యం

రాజ్యానికి నోరు ఆగదు. ఆ సంగతి కోనసీమలో ఆమె పుట్టిన లంకలో అందరికీ తెలుసు. అబూధాబీ పక్కన బనియాస్‌లో ఆమె పనిచేసే అరబ్బుల ఇంట్లోనూ తెలుసు. ఆ ఇంట్లో ఒకావిడ మాత్రం ఆ నోటి మీదే ఆధారపడి బతికేది. ఆవిడ ఇంటి యజమాని సాలెం తల్లి. పనివాళ్ళంతా ఆవిడను ‘మామా కబీర్’ అనేవారు, మనం పెద్దమ్మగారు అన్నట్టు. సాలెంను ‘బాబా’ అని, ఆయన భార్యను వట్టి ‘మామా’ అని పిలిచేవారు. రెండు కళ్ళకూ పొరలు కమ్మి ఆవిడకు వెలుతురూ నీడా తప్ప మరేమీ తెలిసేవి కావు. సాయంత్రం వాకిట్లో చాప మీద ఆవిడ మోకాళ్ళకు నూనె రాస్తూ, కంటికి కనబడిందల్లా రాజ్యం చెప్పాలి. ఎవరి మేక ఎవరి గోడ ఎక్కిందో, పక్కింటివాళ్ళ కొత్త కారు ఏ రంగో, ఎదురింటి కోడలు ఎంత లావైందో, అన్నీ. రాజ్యం భాషలో సగం అరబ్బీ, పాతిక హిందీ, మిగతాది చేతులు. చేతులు మామా కబీర్‌కు కనబడకపోయినా అర్థం మాత్రం అయ్యేది.

ఎనభై ఐదో సంవత్సరం మార్చిలో సాలెం ఆఫీసు నుంచి ఒక రంగుల పుస్తకం తెచ్చాడు. చమురు కంపెనీలో ఆయన పైఅధికారి, ఇంగ్లీషు దొర ఒకాయన ఇచ్చాడట. కెన్యాలో సింహాలూ ఏనుగులూ బోనుల్లో కాక బయటే తిరుగుతాయనీ, పిల్లలకు సెలవులివ్వగానే పదిరోజులు వెళ్ళొద్దామనీ అన్నాడు. వెళ్ళడంలో ఎవరికీ తగువు లేదు. దిగేది ఎక్కడన్నదే తగువు. పుస్తకంలో రెండు చోట్లున్నాయి. ఒకటి గుట్టమీద రాతితో కట్టిన లాడ్జి. రెండోది ఏటి ఒడ్డున వరసగా వేసిన గుడారాలు. మంచం మీంచి లేవకుండానే నీటిగుర్రాలు కనిపిస్తాయని రాశారట.

పదేళ్ళ హమద్‌కు నీటిగుర్రమే కావాలి. సాలెం భార్యకు స్నానాలగది బాగుంటే చాలు. గుడారంలోనూ వేడినీళ్ళు వస్తాయని మొగుడు చదివి వినిపించాక ఆవిడా అటే మొగ్గింది. సాలెం మనసు మొదటినుంచీ గుడారం మీదే ఉంది. ఆయన పుట్టింది ఎడారిలో, గుడారంలో. తన పిల్లలు ఏసీ గదుల్లో పుట్టి, ఒక్కరోజైనా గుడ్డ కప్పు కింద పడుకోకుండానే పెద్దవాళ్ళయిపోతున్నారని ఆయనకు లోపల దిగులు. పాపం, మంచి దిగులే.

ఇక నాలుగేళ్ళ మైథా. పుట్టిన పదో రోజున రాజ్యం చేతుల్లోకి వచ్చిన పిల్ల. ముద్ద నోట్లో పెట్టేటప్పుడు ‘ఆమ్’ అనకపోతే నోరు తెరవదు. రాజ్యం భుజం మీద కునుకు పడితే తప్ప మంచం ఎక్కదు. ఆ పిల్లను పదిరోజులు వదిలి ఉండాలన్న బెంగ రాజ్యానికి అప్పుడే మొదలైంది. మామా కబీర్‌ను చూసుకోవాలి కాబట్టి ఆమె ఇంటిదగ్గరే ఆగిపోవాలి.

చాయ్ తట్ట దించుతూ రాజ్యం ఆ గుడారాల బొమ్మ చూసింది. మిగతావాళ్ళంతా నీళ్ళలో తేలుతున్న నీటిగుర్రాన్ని చూస్తుంటే, ఆమె చూపు చెట్ల మీదికి పోయింది. అది ఆమె తప్పు కాదు. లంకలో పశువులపాక వేసేవాడు ముందు నేల చూడడు, చెట్టు చూస్తాడు. వరద తీశాక కొమ్మల్లో చిక్కుకున్న చెత్త ఎంత ఎత్తున ఉందో, మాను మీద బురద ఎంతదాకా ఎండిందో చూసుకుని, అంతకు పైన చోటుంటేనే గుంజ పాతుతాడు. ఈ బొమ్మలో గుడారాల వెనక చెట్లన్నిటి పంగల్లోనూ ఎండుగడ్డి కుచ్చులు కుచ్చులుగా వేలాడుతోంది. అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. గుడారం కప్పుకంటే రెండు మూరలు పైన.

యాభై మూడో సంవత్సరం గోదావరి వరదకు రాజ్యానికి తొమ్మిదేళ్ళు. ఆ వరదలో ఆమె చెల్లెలు పోయింది. ఆ పిల్లకూ నాలుగేళ్ళే. ఈ మాట రాజ్యం, అంత నోరున్న రాజ్యం, బనియాస్‌లో ఎవరికీ చెప్పలేదు.

“బాబా, ఇక్కడ వద్దు,” అంది వేలితో చెట్లు చూపిస్తూ. “నీళ్ళు వస్తాయి. ఇంతెత్తు వస్తాయి.”

సాలెం నవ్వాడు. “ఇది మీ ఊరి ఏరు కాదు, రాజ్యం. ఇంగ్లీషువాళ్ళు కట్టిన చోటు. వాళ్ళకు తెలియదా?”

ఆయన భార్య మాత్రం నవ్వలేదు. మైథా అప్పటికే బిక్కమొహం పెట్టింది. “పిల్లలను బెదరగొట్టకు. ఈ మాట ఇంకోసారి ఎత్తావంటే మీ ఊరికి టికెట్టు కొనిపిస్తాను. ఖలాస్,” అంది.

సోఫా పక్కన పెట్టిన పుస్తకాన్ని రాజ్యం కొంగుచాటున వంటింట్లోకి తెచ్చి ఖాదర్ హుస్సేన్ ముందు పెట్టింది. ఖాదర్ ఆ ఇంటి డ్రైవరు. జగిత్యాల మనిషి. నాలుగేళ్ళుగా ఒకరి కూర ఒకరు వెక్కిరించుకుంటూ అక్కాతమ్ముళ్ళయిపోయారు.

“గీ బొమ్మల ఏం కనవడ్డదక్కా నీకు? నాకైతే గా ఎనుపపోతు లెక్క ఉన్నదొక్కటే కనవడుతున్నది.”

“పైకి చూడు ఖాదరూ. చెట్టు పంగలో గడ్డి చూడు.”

“పిట్ట గూడు గావచ్చు.”

“అన్ని చెట్లకీ ఒకే ఎత్తున గూళ్ళు కట్టే పిట్టలుంటాయేంటయ్యా? మాను చూడు. కిందంతా ఒండ్రు పట్టుంది. ఏరు అంతదాకా ఎక్కి దిగింది.”

ఖాదర్ పుస్తకాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. మూసేటప్పటికి అతని మొహంలో ఎగతాళి లేదు. “నిజమే అనిపిస్తున్నదక్కా. కానీ వీసా ఇచ్చిన కఫీల్‌తోని లొల్లి వెట్టుకోకు. కొలువు పోతది. జెర ఊకో.”

“నేను ఊరుకుంటాను. ఏరు ఊరుకుంటుందా?”

ఆ సాయంత్రం నూనెగిన్నెతో కూర్చున్న రాజ్యాన్ని మామా కబీర్ అడగనే అడిగింది. “ఇంట్లో అందరూ ఏదో పుస్తకం గురించి కొట్టుకుంటున్నారే, అందులో ఏముంది? తెచ్చి చెప్పు.”

రాజ్యం తెచ్చి చెప్పింది. సింహం చెప్పింది, జిరాఫీ మెడ చెప్పింది, గుట్టమీది లాడ్జి కిటికీలు లెక్కపెట్టి మరీ చెప్పింది. గుడారాల బొమ్మ వచ్చేసరికి పేజీ తిప్పి ఏనుగు గురించి మొదలుపెట్టింది. పేజీ చప్పుడు విన్న ముసలావిడ చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది.

“ఒక బొమ్మ దాటేశావు.”

 చెప్తే కొలువు పోతుంది. చెప్పకపోతే తనను నమ్ముకున్న మనిషికి, ఉన్నది లేదని చెప్పినట్టవుతుంది. అటుపక్క మైథా చెప్పులు తిరగేసి తొడుక్కుని, సింహంలా అరుస్తూ వాకిలంతా తిరుగుతోంది. రాజ్యం కాసేపు ఆ పిల్లను చూసి పేజీ వెనక్కి తిప్పింది.

“మామా కబీర్, ఇక్కడ నీళ్ళు. పక్కన గుడారం. గుడారం వెనక చెట్టు. చెట్టు మీద, పైన, ఎండుగడ్డి. అన్ని చెట్లమీదా గడ్డి. అక్కడ గడ్డి ఎవరు పెట్టారు?”

మామా కబీర్ వీపు నిటారైంది. “సైల్!” అంది. ఎడారిలో ఎక్కడో వాన పడితే, ఎండిన వాగుల్లోంచి ఉన్నట్టుండి విరుచుకుపడే నీటికి వాళ్ళ పేరది. ఆవిడ అరవై ఏళ్ళు గుడారాల్లో బతికింది. ఆ రోజుల్లో గుడారం వేసేది, తీసేది, మోసేది ఆడవాళ్ళే. వాగు పక్కన గుంజ పాతిన కోడలిని నలుగురిలో పెట్టి తిట్టేవారు.

ఆవిడ చేతికర్ర నేలకేసి కొట్టిన చప్పుడుకు సాలెం పరుగెత్తుకొచ్చాడు, వెనకే భార్య వచ్చింది.

“నిన్ను గుడారంలో కన్నాను నిజమే,” అంది తల్లి. “వాగులో కనలేదు. గుడారం ఎక్కడ వెయ్యాలో నీ తండ్రి కూడా నన్నే అడిగేవాడు. నువ్వు ఇంగ్లీషువాణ్ణి అడుగుతావా?”

 సాలెం భార్య రాజ్యం వైపు తిరిగింది. “వద్దన్నాక కూడా ఈవిడ దగ్గరికి మోశావన్నమాట. పెట్టె సర్దుకో.”

 రాజ్యానికి లంకలో మొగుడూ ఇద్దరు కొడుకులూ, సగంలో ఆగిన పెంకుటిల్లూ కళ్ళముందు తిరిగాయి. అయినా ఆగే నోరైతే కదా.

“సర్దుకుంటాను మామా. పంపించెయ్యండి. మైథాను మాత్రం అక్కడ పడుకోబెట్టొద్దు,” అంటూ ఏడ్చేసింది. ఆ తర్వాత తెలుగులో ఏదేదో అంది. చెల్లెలి గురించి, తాటిచెట్టు గురించి, పట్టు జారిన తన చెయ్యి గురించి. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, వాకిట్లో కారు తుడుస్తున్న ఖాదర్‌కు తప్ప. ఖాదర్ గుడ్డ పక్కన పడేసి వచ్చి, ఆ మాటలను తల వంచుకుని హిందీలో సాలెంకు చెప్పాడు.

సాలెం పుస్తకం అందుకుని ఆ బొమ్మను తేరిపార చూశాడు. ఈసారి నీటిగుర్రాన్ని చూడలేదు. ఆయన భార్య వంగి మైథాను ఎత్తుకుంది. పెట్టె మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు ఆఫీసు నుంచి కెన్యాకు టెలెక్సు వెళ్ళింది: గుడారాలు వద్దు, గుట్టమీది లాడ్జి కావాలి.

వాళ్ళు వెళ్ళిన పదిరోజులూ రాజ్యానికి అన్నం సయించలేదు. ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడేది. మామా కబీర్ పైకి గంభీరంగానే ఉండేది గానీ, ఆవిడ చేతిలో తస్బీ జపమాల పూసలు మామూలుకంటే జోరుగా తిరిగేవి.

అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. ఏరు రాలేదు. వాన చినుకైనా పడలేదు. ఒడ్డున గుడారాల్లో దిగినవాళ్ళు ప్రతిపూటా నీటిగుర్రాలను చూశారట. “మేం మాత్రం మా అమ్మ మాట విని మేకల్లా గుట్టెక్కి కూర్చున్నాం,” అని అతిథులు కూర్చునే మజ్లిస్‌కు వచ్చినవాళ్ళందరికీ సాలెం చెప్పి కడుపుబ్బ నవ్వించాడు. హమద్ రెండురోజులు రాజ్యంతో మాట్లాడలేదు. సాలెం భార్య వంటింటి గుమ్మంలో నిలబడి, “మీ గోదావరి కెన్యాకు రాలేదు రాజ్యం,” అంది, కోపంగా మాత్రం కాదు.

పెట్టెలు దించుతూ ఖాదర్ కూడా ఊరుకోలేదు. “ఏందక్కా, నీ ఏరు రాకపాయె! ఇల్లంత నవ్వవట్టె నిన్ను జూసి.”

రాజ్యం భుజం మీద మైథా నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఎండకు ముక్కు కమిలి, చేతుల నిండా దోమకాట్లు. ఒక చెప్పు ఎక్కడో పోగొట్టుకుంది. పిల్ల లేవకుండా రాజ్యం నెమ్మదిగా బరువు ఇటు నుంచి అటు మార్చుకుంది.

“ఆయ్, రాలేదు,” అంది. “వస్తే ఏడ్చేవాళ్ళు ఖాదరూ. రాలేదు కాబట్టే నవ్వుతున్నారు. నవ్వనీ.”