తలుపు అవతల ఏముంది?

తాళాలక్క కొట్టు బస్టాండు వెనక సందులో, జిరాక్స్ షాపుకీ చెప్పులు కుట్టే దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. కొట్టు అన్నానని మరీ గొప్పగా ఊహించుకోకండి. ఒక మనిషి లోపల కూర్చుంటే ఇంకో మనిషి బయట నిలబడాల్సిందే. గోడ నిండా మేకులకు వేలాడే తాళంచెవులు, కింద చెవులు కోసే మిషను, దాని పక్కన స్టూలు మీద ఆవిడ అత్తగారు. అసలు ఈ పని మామగారిది. ఆయన పోయాక కొడుకు, అంటే తాళాలక్క మొగుడు, ఇనప రజను తనకు పడదని చెప్పి లారీ ఎక్కేశాడు. ఆకురాయి కోడలి చేతికి వచ్చింది. ఆ రోజుల్లో "ఆడదానివి, నీకెందుకే ఈ పని, మిషను అమ్మేద్దాం" అని గోల పెట్టిన అత్తగారే ఇప్పుడు "మా కోడలు తీయలేని తాళం ఇంకా పుట్టలేదు" అని వచ్చేపోయేవాళ్ల దగ్గర డప్పు కొడుతూ కూర్చుంటుంది.

నన్నడిగితే తాళం తీయడం ఆ పనిలో సులువైన భాగం. ఎవరికి తీయాలన్నదే తలనొప్పి. "తాళంచెవి ఎక్కడో పడిపోయింది, కాస్త వచ్చి తలుపు తీసిపెట్టండి" అంటూ వచ్చేవాళ్లందరూ ముక్కూ మొహం తెలియనివాళ్లే. అందరి మొహంలోనూ అదే కంగారు. దొంగకి మాత్రం కంగారు ఉండదా, పాపం, వాడి కంగారు వాడిది.

అందుకని తాళాలక్క ఒక పద్ధతి పెట్టుకుంది. ముందు తలుపుకి చెవి ఆనించి కాసేపు వింటుంది. తర్వాత వెనక్కి తిరిగి, "తలుపు అవతల ఏముందో చెప్పండి" అంటుంది. సొంత ఇల్లయినవాళ్లు ఈ ప్రశ్నకి తడబడతారు. "కుర్చీ... కాదు కాదు, దాన్ని మొన్న లోపలికి జరిపాం... చెప్పులుంటాయండీ, నావి కాదు, మా ఆవిడవి" అంటూ బుర్ర గోక్కుంటారు. రోజూ చూసేదాన్ని ఎవరు మాత్రం గుర్తు పెట్టుకుంటారు? ఆ తడబాటు చూసి ఆవిడ నవ్వుకుని సంచి విప్పేది.

ఈ పద్ధతికీ ఒకసారి దెబ్బ తగిలింది. కిందటేడు ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి, సోఫా రంగు దగ్గర్నుంచి గోడ మీద మరక దాకా గడగడా అప్పజెప్పాడు. ఆవిడ తీసింది. తీరా చూస్తే ఆయన ఆ ఇంట్లో అంతకుముందు అద్దెకున్నవాడు. ఇంటివాళ్లు కేసు పెట్టారు. తాళాలక్కని పోలీస్‌స్టేషన్ బెంచీ మీద పొద్దస్తమానం కూర్చోబెట్టి, ఇంకోసారి ఇలాంటిది జరిగితే కొట్టు శాశ్వతంగా మూయించేస్తామని చెప్పి పంపారు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కొట్టు మీదే. అప్పట్నుంచి పక్కింటివాళ్లు వచ్చి "అవును, వీళ్లిల్లే" అని చెబితే తప్ప ఆవిడ సంచిలో చెయ్యి పెట్టదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మొన్న ఒక పొద్దున ఆవిడ షట్టరు ఎత్తేసరికి ఒకామె ఎదురుగా నిలబడి ఉంది. రాత్రంతా బస్సులో వచ్చినట్టు రేగిన జుట్టు, భుజాన సంచి.

"అక్కా, ఒక తలుపు తీయాలి. మా నాన్న లోపల ఉన్నారు. పలకడం లేదు."

"పోలీసులకి చెప్పావా?"

"చెప్పాను. నువ్వు కూతురివని కాగితం తెమ్మన్నారు. నా కార్డులో ఇంటిపేరు వేరు, ఊరు వేరు. ఎవరినో ఒకరిని పంపిస్తాం, మధ్యాహ్నం దాకా ఆగమన్నారు."

స్టూలు మీద అత్తగారు గొంతు సవరించుకుంది. కిందటేడు మొగుడూపెళ్లాల్లా వచ్చినవాళ్లని కూడా దొంగలేమోనని అనుమానించిన మనిషి ఆవిడ. "ఎవరికి వాళ్లు ఏడుపు మొహం పెట్టుకుని వస్తారు. నువ్వు కదలకు" అంది.  అయినా తాళాలక్క సంచి తీసుకుంది. వెళ్లి చూస్తే తప్పేముంది, తీయడం తీయకపోవడం తర్వాతి మాట.

ఇల్లు మూడో అంతస్తులో. వాచ్‌మన్ వెంట వచ్చాడు. అలికిడికి ఎదురింటాయన తలుపు తీసి బయటికొచ్చాడు. మనిషి మంచివాడే గానీ, ప్రతిదానికీ నిబంధనలు గుర్తొచ్చే రకం.

"ఈమె ఈయన కూతురటండీ. మీరెరుగుదురా?" అని అడిగింది తాళాలక్క.

"కూతురా? నాలుగేళ్లుగా ఎదురుబొదురు ఉంటున్నాం. ఆయనే చెప్పాడు నాకు, తనకి ఎవరూ లేరని. ఒక్కసారి కూడా ఎవరూ రాగా చూడలేదు." ఎదురింటాయన వచ్చినామెని ఎగాదిగా చూశాడు. "రెండ్రోజులుగా కనబడని మాట నిజమే. ఎక్కడికో వెళ్లుంటాడు."

వాచ్‌మన్ కూడా తల అడ్డంగా ఊపాడు.  అయినా తాళాలక్క అలవాటు ప్రకారం తలుపుకి చెవి ఆనించి విని, వెనక్కి తిరిగింది.

"తలుపు అవతల ఏముందో చెప్పు."

"తెలీదక్కా."

ఇన్నేళ్లలో ఆ జవాబు చెప్పినవాళ్లు లేరు. ఎదురింటాయన "ఇంకేం మరి" అన్నట్టు చేతులు తిప్పాడు.

"నేను ఈ ఇంట్లో ఎప్పుడూ అడుగు పెట్టలేదు" అంది ఆమె. "అమ్మకి ఆపరేషను వద్దన్నారు నాన్న. నేనే పట్టుబట్టి చేయించాను. అమ్మ తిరిగి రాలేదు. నా గడప తొక్కకు అన్నారు. ఆ ఇల్లు వదిలేసి ఇక్కడికి వచ్చేశారు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాను. ఎత్తుతారు. ఒక్క ముక్క మాట్లాడరు. పెట్టేయరు కూడా. పిల్లల సంగతులు, ఆఫీసు సంగతులు నా పాటికి నేను చెప్పుకుంటూ పోతాను, అయ్యాక ఉంటాను నాన్నా అంటాను. అప్పుడు పెట్టేస్తారు. మొన్న ఆదివారం ఎత్తలేదు. నిన్నా ఎత్తలేదు."

"మాట్లాడని మనిషి వింటున్నాడని నీకెలా తెలుసు?" అని అడిగింది తాళాలక్క.

"ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. కిర్రుమని ఒకసారి, టక్కుమని ఒకసారి. మధ్యలో ఆయన దగ్గుతారు."

తాళాలక్క మళ్లీ తలుపుకి చెవి పెట్టింది. ఇందాక విన్నది తాళం సంగతి కోసం. ఇప్పుడు విన్నది ఇంటి సంగతి కోసం. కిర్రు. టక్. కిర్రు. టక్. దగ్గు లేదు.

"ఫ్యాను తిరుగుతోంది" అంది.

"కిర్రుమనని ఫ్యాను ఏ ఇంట్లో ఉందమ్మా?" అన్నాడు ఎదురింటాయన. "వెళ్తూ వెళ్తూ ఆపడం మర్చిపోయుంటాడు. మా ఇంట్లోనూ కిర్రుమంటుంది, నేనూ ఆమెకి నాన్ననేనా? మధ్యాహ్నం పోలీసులు వస్తారుగా, ఆగండి. రేపు ఏదైనా పోతే నన్ను సాక్ష్యానికి పిలుస్తారు, నేను రాను."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే తాళాలక్కకి ఒళ్లు మండించింది. ఆ బెంచీ, కొట్టు మీద పడబోయే షట్టరు, అత్తగారి మొహం అన్నీ కళ్లముందు తిరిగాయి. ఎదురుగా ఉన్నామె బతిమాలడం కూడా మానేసింది, తలుపు వంకే చూస్తోంది. అబద్ధం చెప్పేవాళ్లయితే ఈపాటికి ఓ కుర్చీనో బల్లనో చెప్పి ఉండేవాళ్లు కదా. ఆ మాటకొస్తే ఇది కూడా ఎత్తే కావచ్చు. ఖాయంగా తేల్చుకునే దారి ఏదీ లేదని ఆవిడకి అర్థమైంది. తీసి పొరపాటు పడితే తన కొట్టు పోతుంది. తీయకుండా పొరపాటు పడితే లోపల ఒక ప్రాణం పోతుంది. ఈ రెండూ సమానం కావు. అంతే, ఆవిడ సంచి విప్పింది.

"ఆలోచించుకో అమ్మా" అన్నాడు ఎదురింటాయన.

"ఆలోచించుకున్నానండీ. మీరు సాక్ష్యానికి రాకపోయినా పర్లేదు, ఆ లైటు మాత్రం వేయండి, సరిగ్గా కనబడటం లేదు."

ఆయన లైటు వేశాడు. తాళం మొండికేసింది. సన్నటి ఊచ రెండుసార్లు జారింది, మూడోసారి లోపలెక్కడో లొంగింది. తలుపు సందులోంచి మగ్గిన గాలి కొట్టింది.

పెద్దాయన వంటగది గుమ్మం దగ్గర పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. కాలు వంకరగా ఉంది. పెదాలు ఎండిపోయాయి గానీ ఛాతీ కదులుతోంది. అందరికంటే ముందు పరిగెత్తి నీళ్లు తెచ్చింది ఎదురింటాయనే, ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. వాచ్‌మన్ అంబులెన్సుకి ఫోన్ చేశాడు. వచ్చినామె తండ్రి తల ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డతో పెదాలు తుడుస్తూ ఉండిపోయింది. ఆయన కళ్లు తెరిచి చూశాడు, మళ్లీ మూసుకున్నాడు. 

అంబులెన్సు వాళ్లు స్ట్రెచరు మీద కిందికి దించారు. వాళ్లలో ఒకతను, "ఈయన తాలూకు ఎవరండీ? ఒక్కరే ఎక్కాలి" అని అడిగాడు. ఆమె ముందుకొచ్చింది.

"నాకెవరూ లేరు" అన్నాడు పెద్దాయన.

గొంతు చిన్నదే, కానీ అందరికీ వినబడింది. అంబులెన్సు అతను ఆమెకి చెయ్యి అడ్డం పెట్టాడు. వాచ్‌మన్ తాళాలక్క వైపు చూశాడు. ఎదురింటాయన తల దించుకున్నాడు.  తాళాలక్కకి ఎక్కడలేని కోపం వచ్చింది. తన కొట్టు పణంగా పెట్టి తీసిన తలుపు ఇది, ఆయన కాదంటే కూతురు కూతురు కాకుండా పోవడానికా?

"ఈమె ఈయన కూతురు. ఎక్కించుకోండి" అంది.

"ఆయనే కాదంటున్నారుగా! మీరెవరు?"

"తలుపు తీసినదాన్ని. పూచీ నాది." ఆవిడ స్ట్రెచరు మీదికి వంగింది. "ఏం పెద్దాయనా, ఎవరూ లేకపోతే ప్రతి ఆదివారం ఫోనెత్తి ఎవరి మాటలు వింటున్నావు?"

  పెద్దాయన తాళాలక్కని కాదు, ఆవిడ వెనకున్న కూతుర్ని చూశాడు.

"మోగుతూనే ఉందమ్మా" అన్నాడు. "పాకాను. అందలేదు."

 కూతురు ఉన్నచోటే కొయ్యబారి నిలబడిపోయింది. తాళాలక్క ఆమె రెండు భుజాలూ పట్టుకుని అంబులెన్సు వైపు తోసింది.

"మాటలు తర్వాత. ముందు ఎక్కు."