వ్యాను దిగని నాన్న

సముద్రం వెంబడి రోడ్డు మీద టూరిస్టుల వ్యాను తోలే ఆవిడకు ముందుసీటులో రోజూ ఒకే ప్రయాణికుడు. టిక్కెట్టు లేదు, కన్నతండ్రి. ఒకప్పుడు చేపల వేటకు పోయి, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ కనబడని చోటు నుంచి తిన్నగా ఇల్లు చేరిన మనిషి. ఇప్పుడు పక్కవీధికి వెళితే తిరిగి రాలేడు. అయినా మొన్నమొన్నటి దాకా ఆకుపచ్చ గోడ కనబడితే చాలు, ఇదుగో మనిల్లు అంటూ చక్కా లోపలికి నడిచేవాడు.

ఆ కాస్త ఆసరా కూడా ఊరి పెద్దలు మిగల్చలేదు. ఫోటోలు తీసుకునేవాళ్ళ కళ్ళకు విందుగా ఉండాలని వీధి వీధంతా రంగులు మార్పించారు. వీళ్ళ వంతుకు గులాబీ రంగు వచ్చింది. గులాబీ రంగట! అది ఎంచిన మహానుభావుడు వ్యాను యజమానే, పైగా ఆమెకు వరసకు బావ. నాన్నకు ఇల్లు ఆనవాలు తెలియడం లేదు, మా ఒక్క ఇంటికీ మళ్ళీ పాత రంగే వేసుకోనివ్వమని ఆమె బతిమాలింది. రంగు ముట్టుకుంటే వ్యాను తాళాలు ఇచ్చేసి పొమ్మన్నాడు బావ. కక్కలేక మింగలేక తిరిగొచ్చింది.

ఒకరోజు ఆయనను లోపల ఉంచి తాళం వేసి పనికి వెళ్ళి చూసింది. ముసలాయన కిటికీ ఊచలు పట్టుకుని, నన్నెవరింట్లోనో పెట్టి బంధించారు, మా ఇంటికి చేర్చండి బాబూ అని దారిన పోయేవాళ్ళను వేడుకున్నాడు. టూరిస్టులు నవ్వుతూ చేతులూపి, ఫోటోలు తీసుకున్నారు. పక్కింటావిడ ఆ సంగతి చెప్పింది. మర్నాటి నుంచి వ్యానులో ఎక్కించుకుంది.

ఇక ఆ ప్రయాణం చూడాలి. రాతిగోడల పాత రేవు, చేపలు ఎండబెట్టిన పల్లె, పసుపూ నీలం మేడల పట్నం, ప్రతిచోటా జనం దిగి, తిని, నవ్వి, మళ్ళీ ఎక్కుతారు. వీళ్ళిద్దరూ మాత్రం సీట్లకు అతుక్కుపోయి ఉంటారు. దిగితే ఆయన ఎటు పోతాడోనని ఆమె భయం. దిగితే ఇంటికి ఆలస్యమవుతుందని ఆయన భయం. ప్రతి మలుపులోనూ మన ఊరొచ్చిందా అని అడుగుతాడు. తీరా వచ్చాక, ఇది కాదు పోనియ్యమంటాడు. దింపేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొస్తుంది. లోపల కుర్చీ అంచున చుట్టంలా కూర్చుని, భోజనం పెడితే మొహమాటపడతాడు.

ఒకరోజు వ్యానులోనే వెక్కివెక్కి ఏడ్చాడు, ఇంటికి వెళ్ళాలని. ఆమెకు తెగింపు వచ్చేసింది. ఏమైతే అయిందనుకుని, సెలవు రోజు ఆయనను పక్కింట్లో కూర్చోబెట్టి ఇంటి ముఖమంతా ఆకుపచ్చ రంగు పులిమింది. బావ వచ్చి చూసి, రేపటి ట్రిప్పే ఆఖరన్నాడు. సరేనంది. రంగు ఆరాలని ఆ రాత్రి నాన్నను పక్కింట్లోనే పడుకోబెట్టి, పొద్దున చీకటితోనే వ్యాను ఎక్కించింది.

ఆ ఆఖరి ట్రిప్పు ముగించి, అందరినీ దింపేసి, వ్యానును తమ వీధిలోకి తిప్పింది. పెద్దాయన నిటారుగా లేచి కూర్చున్నాడు.

“ఆపు, ఆపు. అదే మా ఇల్లు.”

ఎన్నాళ్ళకు విన్నది ఆ మాట! ఆమె పరుగున వెళ్ళి తాళం తీసింది. ఆయన తనంతట తానే దిగి, మెట్లెక్కి, గోడను అరచేత్తో తడిమి లోపలికి వెళ్ళాడు. వెనకే ఆమె అడుగు పెట్టబోతే గుమ్మానికి అడ్డంగా నిలబడి చేతులు జోడించాడు.

“చాలా శ్రమపడ్డావమ్మా. ఇక నువ్వెళ్ళు. పొద్దుపోయింది, మీ నాన్న నీకోసం చూస్తుంటాడు.”

తలుపు మూసి లోపల గడియ పెట్టేశాడు. కాసేపటికి, నేనొచ్చాను అమ్మాయీ, ఎక్కడున్నావ్ అంటూ గదిగదికీ తిరగడం వినిపించింది. ఇక్కడున్నా నాన్నా, ఇక్కడే ఉన్నా అని ఆమె బయట తలుపు కొడుతూనే ఉంది.