పిల్లి, కుక్క, కోతి, మా ఐదో తరగతి

ట్రైనింగు స్కూలు నుంచి నేను తెచ్చుకున్న ఆస్తి ఒక రేకు పెట్టె, రెండు మంగళగిరి చీరలు, ఒక పొడుగాటి నోటుబుక్కు. ఆ నోటుబుక్కులో మూడు జంతువులున్నాయి. మొదటిది పిల్లి. దాన్ని బోనులో పెట్టి బయట చేప ముక్క పెడితే, గోకీ పీకీ చివరికి గడియ తీయడం నేర్చుకుంటుందట. రెండోది కుక్క. గంట కొట్టి కూడు పెట్టగా పెట్టగా, కొన్నాళ్ళకు ఒట్టి గంటకే దాని నోట్లో నీళ్ళూరతాయట. మూడోది తోకలేని కోతి. అందని అరటిపండు కేసి చూసి చూసి, ఉన్నట్టుండి రెండు కర్రలు ఒకదాంట్లో ఒకటి దోపి పండు లాక్కుంటుందట. మనుషుల పిల్లలు కూడా ఇంచుమించు ఇట్లాగే నేర్చుకుంటారని మా సైకాలజీ మాస్టారు చెప్పారు. నేను నమ్మేశాను. ఎప్పుడు బడి దొరుకుతుందా, ఎప్పుడు ఇవన్నీ పిల్లల మీద చేసి చూద్దామా అని నాకు కాలు నిలవలేదు.

బడి దొరికింది. నరసరావుపేట వైపు ఒక నల్లరేగడి పల్లెలో మిషను వాళ్ళ ప్రాథమిక పాఠశాల. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఎంతో కాలం కాలేదు. బడికి వేరే ఇల్లంటూ లేదు. ఆదివారం ప్రార్థనలు జరిగే చర్చిలోనే మిగతా రోజులు పాఠాలు జరిగేవి. ఎటు చూసినా పత్తి చేలు, మిరప చేలు. పిల్లలంతా కూలికి వెళ్ళే ఇళ్ళ వాళ్ళు. మావాళ్ళూ అటువంటి వాళ్ళే గాని, మా నాన్న బడిపంతులు కావడం వల్ల నేను చేలో దిగి ఎరగను.

అప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్ళు. నోరు మాత్రం నలభై ఏళ్ళది. "ఇది నోరు మూస్తే ముక్కుతో మాట్టాడుద్ది" అని మా అమ్మ అనేది. ఎదుటివాళ్ళు ఎవరైనా సరే, అనాలనుకున్నది అనేస్తానని నాకు గర్వంగా ఉండేది.

ముందు కుక్కతో మొదలుపెట్టాను. చర్చి గుమ్మం దగ్గర వేలాడే గంటే మా బడి గంట కూడా. దాన్ని ఒకసారి కొట్టి ఆరో ఎక్కం చెప్పించేదాన్ని. రోజూ అదే పని. రెండు వారాలు తిరిగేసరికి గంట మోగితే చాలు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే అందుకునేవాళ్ళు. మురిసిపోయాను. ఆ ఆదివారం ప్రార్థనకు పాస్టరుగారు గంట కొట్టించారు. ముందు చాపల మీద నుంచి "ఆరొకట్ల ఆరు, ఆరు రెళ్ళు పన్నెండు" అని పిల్లల గొంతు లేచింది. పాస్టరుగారు పిల్లల్ని చూసి, తర్వాత నన్ను చూశారు. నేను పాటల పుస్తకంలో తల దూర్చాను. సిగ్గేసింది గాని, కుక్క సంగతి నిజమేనని తేలినందుకు లోపల సంతోషంగానే ఉంది.

తర్వాత పిల్లి. సరైన జవాబుకు బహుమానం ఉంటే చదువు గట్టిగా నాటుకుంటుందని నోటుబుక్కులో ఉంది. వేయించిన వేరుశనక్కాయలు తెచ్చి, ముందుగా లెక్క చేసినవాళ్ళకు గుప్పెడు అన్నాను. ఐదో తరగతిలో ఐదుగురే పిల్లలు. వాళ్ళలో చురుకైనది, కూలీల ముఠాను నడిపే ముసలమ్మ మనవరాలు. పలక చూపించి కాయలు తీసుకుంది. తీసుకుని, చక్కగా ఐదు వాటాలు వేసింది. నాకు ఒళ్ళు మండింది.

"ఒసే, అవి గెలిచినందుకే. నువ్వొక్కదానివే తినాలి."

"ఒక్కదాన్నే ఎట్టా తింటానండీ, వీళ్ళు చూస్తా ఉంటే" అంది ఆ పిల్ల.

మర్నాటి నుంచి మిగతా నలుగురూ పలక ముట్టుకోవడం మానేశారు. ఆ పిల్ల లెక్క చేస్తుంది, అందరూ కాయలు తింటారు. ఏ పిల్లీ ఇలా చేసినట్టు నా నోటుబుక్కులో లేదు.

కోతి పరీక్ష కూడా అంతే అయింది. సుద్దముక్కల పెట్టె దూలం మీద పెట్టి, కింద రెండు పొట్టి వెదురు కర్రలు పడేసి, ఆలోచించి దించమన్నాను. కర్రల కేసి ఎవరూ చూడలేదు. ఒకడు వంగాడు, ఒకడు వాడి మీద ఎక్కాడు, అందరిలోకీ చిన్నగా ఉండే పిల్లను పైకి లేపారు. అందరూ దాన్ని పొట్టిది అనేవాళ్ళు. పొట్టిది పెట్టె దించి నా చేతిలో పెట్టింది. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, కర్రలు ఎందుకు వాడలేదని నేను వాళ్ళ మీద కోప్పడ్డాను.

కోపం తగ్గాక ఆశ్చర్యం మొదలైంది. వీళ్ళు ఏ పనీ ఒక్కొక్కళ్ళుగా ఎందుకు చెయ్యరు? ఎక్కడ నేర్చుకున్నారిది? ఒక శనివారం పనిగట్టుకుని మిరప చేలోకి వెళ్ళాను. ముఠాలో ఆడవాళ్ళు వరసగా, తలా ఒక సాలు పట్టుకుని కాయ కోస్తున్నారు. సెలవు కాబట్టి మనవరాలు కూడా ఉంది. గట్టున కూర్చుని చూడగా చూడగా ఒక సంగతి కనిపించింది. సాలు ముగించినవాళ్ళు గట్టెక్కడం లేదు. వెనకబడిన మనిషి సాలు అవతలి కొసకు వెళ్ళి, అక్కణ్ణుంచి ఆమెకు ఎదురుగా కోసుకొస్తున్నారు. ఇద్దరూ సాలు మధ్యలో కలుసుకుంటున్నారు.

"పక్కన నిలబడి సాయం చెయ్యొచ్చుగా అవ్వా, ఎదురెందుకు?" అని ముసలమ్మను అడిగాను.

"పక్కన నిలబడితే దాని పని మనం లాక్కున్నట్టుంటది టీచరమ్మా. ఎదురొస్తా ఉంటే, ఇంకెంతలే, కాస్తేగా అని దానికే చెయ్యాడుద్ది."

నాకు ముచ్చటేసి, నా పిల్లి కథ చెప్పాను. ఆమె చేతులు ఆపకుండానే విని, "పిల్లిని ఒక్కదాన్నే ఎందుకు పెట్టారమ్మా బోన్లో?" అంది. "బయట ఇంకోటుంటే గడియ తీసేది గదా."

ఆ ప్రశ్నను నోటుబుక్కులో పిల్లి పేజీ అడుగున రాసుకున్నాను.

ఆ రోజే ఆమె ఇంకో మాట చెప్పింది. "మా పిల్ల ఐదు పాసైతే గుంటూరు బోర్డింగు బడికి పంపుతా. తప్పిందా, ఇక బడి మాటెత్తను. పైఏడు నా ముఠాలో ఒక సాలు దానిది." మనవరాలు కోస్తున్న కాయ చేతిలోనే పట్టుకుని నా కేసి చూసింది. ఆ పిల్లకు చదువంటే ప్రాణం. బోర్డింగు బడిలో బీరువా నిండా పుస్తకాలుంటాయని నేనెప్పుడో అంటే, బీరువా ఎంత ఉంటుందండీ అని చేతులు చాచి చూపించమంది.

సోమవారం నుంచి నా పద్ధతి మార్చాను. లెక్క ముందు ముగించినవాళ్ళు వెనకబడ్డవాళ్ళకు ఎదురుగా కూర్చోవాలి. జవాబు చెప్పకూడదు. చివరికి ఏం తేలాలో పలక అడుగున రాయాలి, దానికి ముందు ఏం తెలియాలో దాని పైన రాయాలి. రెండోవాళ్ళు పైనుంచి చేసుకుంటూ రావాలి. ఇద్దరూ మధ్యలో కలవాలి. లెక్కలంటే వణికే పొట్టిది నెల తిరిగేసరికి నాలుగు మెట్ల లెక్క దానంతటదే చెయ్యసాగింది. నోటుబుక్కులో కోతి తర్వాతి పేజీలో ఇదంతా రాసుకున్నాను. నేనూ ఏదో కనిపెట్టానని పొంగిపోయాను. ఆ పొంగులో ఒక్క సంగతి మరిచిపోయాను. పరీక్షలో మాత్రం ఇలా కుదరదని వాళ్ళకు చెప్పలేదు.

మార్చిలో బోర్డింగు బడి నుంచి పరీక్షకు ఒక పెద్దాయన వచ్చారు. తెల్ల పంచె, కళ్ళజోడు, తోలు సంచీ. నెమ్మదైన మనిషే. నా ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అన్న కాగితం కూడా ఆ సంచీలోనే ఉందని పాస్టరుగారు నా చెవిన వేశారు. పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి, బోర్డు మీద లెక్క రాశారు. ముసలమ్మ మనవరాలు అందరికంటే ముందు ముగించి పలక బోర్లించింది. తర్వాత లేచి, దర్జాగా నడిచి వెళ్ళి, బెదిరి ఆగిపోయిన పొట్టిదానికి ఎదురుగా కూర్చుని, దాని పలక అడుగున రాయడం మొదలుపెట్టింది.

"ఏమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నారాయన.

"దీనికి సగం మిగిలిందండీ."

"పరీక్షలో ఇంకొకళ్ళ పలక మీద రాయొచ్చా? ఇలా చెయ్యమని నీకెవరు చెప్పారు?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను తోలు సంచీ వైపు చూశాను. నాకు అంత నోరుందా, ఆ నిమిషంలో పెదవి కదలలేదు. నేనే నేర్పానండీ అన్న ముక్క నాలుక మీదే ఉంది. ఆయన అడిగిన తీరులో కోపం కూడా లేదు, తెలుసుకుందామనే అడిగారు. నేను మాత్రం నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాను.

"ఎవరూ చెప్పలేదండీ" అంది ఆ పిల్ల.

ఆయన జాబితాలో దాని పేరు కొట్టేశారు. పొట్టిదాని పలక తుడిపించి, తన ముందు కూర్చోబెట్టుకుని వేరే లెక్క ఇచ్చారు. అది వణుకుతూనే మొత్తం చేసింది. పొట్టిది పాసైంది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి గుంటూరు వెళ్ళాను. బోర్డింగు బడిలో ఆయన గది వెతుక్కుని, కూర్చోమన్నా కూర్చోకుండా, చేను నుంచి పలక దాకా అంతా చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి శ్రద్ధగా విన్నారు. మధ్యలో రెండు మూడు ప్రశ్నలు కూడా వేశారు. అడుగు నుంచి రాయడం బాగుందన్నారు.

"ఈ మాట నిన్న అక్కడే చెప్పి ఉంటే ఆ పిల్లకు కూడా వేరే లెక్క ఇచ్చి చూసేవాణ్ణి అమ్మా. నిన్న సాయంత్రమే జాబితా పైకి వెళ్ళిపోయింది, సీట్లు నిండాయి. మీ కాగితం మీద సంతకం పెట్టాను. బాగా చెబుతున్నారని రాశాను" అన్నారు.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పిల్ల బడిలో లేదు. వాళ్ళ అవ్వతో కల్లంలో ఉందన్నారు. వెళ్ళాను. ఎండబోసిన మిరపకాయల పక్కన కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరి అవతల వేస్తోంది. ఘాటుకు నా కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, దానికి అలవాటే. పక్కన కూర్చుని, గుంటూరులో జరిగిందంతా దాచకుండా చెప్పాను. ముసలమ్మ కుప్పను కాలితో నెరుపుతూ వింది. పిల్ల కాయలు ఏరుతూనే ఉంది. నాకు ఉండబట్టలేదు.

"నేనే నేర్పానని ఆయనతో ఎందుకు చెప్పలేదే?"

అది చేతిలోని కాయను వెలుతురుకు తిప్పి చూసి, మంచిదేనని మళ్ళీ కుప్పలో వేసింది.

"మీరు చెప్తారేమోనని చూశానండీ" అంది. "చాలాసేపు చూశాను."