టిబ్బెట్స్ ట్యాంకును డెల్మా కడిగిన రోజు

డెల్మా క్రచ్‌ఫీల్డ్ నా కళ్ళెదుట మొట్టమొదట కొట్టిన మనిషి ఐడహో నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు. అతను తన బండి కింద నల్ల ట్యాంకు మూత తీసి, గొట్టం తగిలించకుండానే వాల్వు లాగేశాడు. నల్ల ట్యాంకంటే మా బండి ఇళ్ళలో పాయిఖానా కింద ఉండేది. వారం రోజుల సరుకు బుడబుడమంటూ పక్కవాళ్ళు పొద్దుటి అట్లు తింటున్న బల్ల కిందికి పోయింది. డాక్టరు నవ్వి, "పొరపాటైంది, ఎడారేగా, ఎండకు ఆరిపోతుంది" అన్నాడు. డెల్మా మోచేతి దాకా ఉన్న రబ్బరు తొడుగు తీయకుండానే అతని చెంప పగలగొట్టింది. ఆ తొడుగు అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగిందో తెలిసిన మాకు దెబ్బ కంటే తొడుగే ఎక్కువ అనిపించింది.

"ఇప్పుడు దీన్ని ఆరబెట్టుకో," అంది డెల్మా.

ఇది జరిగింది ఆరిజోనా ఎడారిలో, మా లిజర్డ్ ఫ్లాట్‌లో. చలికాలం వచ్చిందంటే మంచు ఊళ్ళ నుంచి ముసలీ ముతకా బండి ఇళ్ళు తోలుకొచ్చి ఇక్కడ దిగుతాం. నా పేరు వెండెల్. నెబ్రాస్కాలో ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపినవాణ్ణి. తలతిక్క మనుషులంటే నాకు పడదు, వాళ్ళలోంచి నన్ను నేను మినహాయించుకోను కూడా.

డెల్మాకు అప్పటికి అరవై రెండేళ్ళు. పొట్టి మనిషి, చేతులు మాత్రం దుంగలు. నేవీలో పదహారేళ్ళు ఓడల్లో మరుగుదొడ్ల గొట్టాలు బాగుచేసింది. ఒకసారి ఆమె ట్యాంకులోకి దిగినప్పుడు పై అధికారి తమాషాకని మూత బిగించి, పైన కూర్చుని సిగరెట్టు కాల్చాడట. నలభై నిమిషాలు. మూత తెరుచుకోగానే డెల్మా పైకొచ్చి, చేతిలో ఉన్న పైపు రెంచితోనే అతని దవడ విరగ్గొట్టింది. నేవీ ఆమెను ఇంటికి పంపేసింది. ఆ సంగతి ఆమె చెప్పేటప్పుడు కోపం ఉండేది కాదు, లెక్క సరిపోయిందన్న తృప్తి ఉండేది. ఆ తృప్తి చూస్తే నాకు కొంచెం భయంగానే ఉండేది.

మా దగ్గర ఆమె పని ట్యాంకులు కడగడం. కంపు పోవాలని జనం చేయని పని లేదు. నీలం మందు పోస్తారు, బట్టలకు వాడే సువాసన ద్రవం పోస్తారు, రొట్టెల పులుపు పిండి వేస్తారు, మంచుగడ్డలు వేసి గతుకుల రోడ్డు మీద తోలుకొస్తారు. డెల్మా అందరినీ ఒకే తిట్టు తిట్టేది.

"కంపుకు మందేంటయ్యా, నీ మొహం! నీళ్ళు పొయ్యి. ఇంకా పొయ్యి. వాల్వు మూసిపెట్టు. బాగా నిండాక ఒక్కసారి లాగు, ఊపుకి మొత్తం కొట్టుకుపోద్ది. ఇంతకంటే శాస్త్రం లేదు."

గొట్టానికీ ట్యాంకుకీ మధ్య ఆమె అద్దంలాంటి ప్లాస్టిక్ వంపు ఒకటి బిగించేది. లోపలి నుంచి ఏమొస్తోందో అందులో కనిపిస్తుంది. ఎవరు మాత్రలు మింగకుండా పారేస్తున్నారో, ఎవరు ఏం దాస్తున్నారో ఆమెకు తెలిసేది. పైన గదిలో కూర్చుని ఎన్నైనా బొంకొచ్చు, కింద కుదరదు. తెలిసినది ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఆమెకున్న ఒకే ఒక్క మర్యాద అదే.

మూడేళ్ళ కిందట నవంబరులో గార్ల్యాండ్ టిబ్బెట్స్ మా పక్క స్థలంలోకి వచ్చాడు. టెక్సాస్‌లో నలభై ఏళ్ళు వేల పశువులను మేపే దొడ్డి నడిపినవాడు. తలుపులో పట్టని మనిషి. అతని భార్య పేరు మార్లిస్. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది, ఎండ మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కా విప్పేది కాదు. చేతులు బ్లీచు నీళ్ళకు పుండ్లు పడి ఉండేవి.

ఆ బండి నుంచి కంపు వచ్చేది. మామూలు కంపు కాదు, కళ్ళు మండించేది. కంపు పెరిగిన రోజున లోపల దెబ్బలు వినిపించేవి. చెయ్యి దెబ్బ ఒక రకంగా, బెల్టు దెబ్బ ఒక రకంగా వినిపిస్తుంది. రేకు గోడలు కదా, ఆమె వీపు వెళ్ళి గోడకు తగిలితే బండి మొత్తం ఊగేది.

"కడిగావా? ఇదేనా కడగడం? నీ ఒళ్ళే కంపు! నిన్ను కట్టుకున్న రోజు నుంచి ఇదే కంపు!" అని అరిచేవాడు.

లిజర్డ్ ఫ్లాట్‌లో రాయని చట్టం ఒకటుంది. ఒకరి బండి తలుపు ఇంకొకరు పిలవకుండా తట్టకూడదు. గోడలు పలచన కాబట్టి చెవులు మందం చేసుకోవాలి. నేను రేడియో పెంచేవాణ్ణి. అవతలి పక్క వాళ్ళూ పెంచేవాళ్ళు. జనవరికల్లా మార్లిస్ కుంటడం మొదలుపెట్టింది, ఒక కన్ను సగమే తెరుచుకునేది. ఈ చలికాలం ఆమె ప్రాణాలతో దాటుతుందా లేదా అన్నది మా అందరికీ తెలిసిన ప్రశ్నే. తెలిసీ రేడియో పెంచాం. సిగ్గుతో చెబుతున్నాను.

చివరికి మమ్మల్ని కదిలించింది ఆమె ఏడుపు కాదు, వాసన. దాని మీద మాత్రం ఫిర్యాదు రాసి పద్నాలుగు మందిమి సంతకాలు పెట్టాం. లిజర్డ్ ఫ్లాట్ మేనేజరు వచ్చి, ట్యాంకు బాగుచేయించు, లేకపోతే స్థలం ఖాళీ చెయ్యి అని గార్ల్యాండ్‌తో అన్నాడు. గార్ల్యాండ్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ కోపం ఎవరి మీద తీర్చుకున్నాడో చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున పదింటికి డెల్మా వచ్చింది.

మేం ఏడుగురం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మా దగ్గర ఇంకేం వినోదం ఉంది? డెల్మా బండి కిందికి దూరి, బయటికొచ్చింది.

"ఏమయ్యా, నీ నల్ల వాల్వు తెరిచుందేంటి?"

"ఎప్పుడూ తెరిచే ఉంచుతా."

"ఎప్పుడూనా?"

"పదకొండేళ్ళుగా. నీళ్ళూ ఒక్క గ్లాసే పోయనిస్తా. ఎండిన పేడ కంపు కొట్టదమ్మా. నలభై ఏళ్ళు ముప్ఫై వేల పశువుల మధ్య బతికినోణ్ణి, నాకు చెప్పొచ్చావా? తడి ఉంటేనే కంపు. మా ఆవిడ శుభ్రం తెలీని మనిషి, అదీ నా ఖర్మ."

డెల్మా అతన్ని పైనుంచి కిందికి చూసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనుషులను ఆమె చాలామందిని చూసింది.

"అది ఎండలో పరిచిన పేడయ్యా, ఇది మూతేసిన డబ్బా. నీళ్ళన్నీ కారిపోయి గట్టిది గట్టిదే గుట్ట పడుద్ది. నువ్వు పదకొండేళ్ళుగా నీ పక్క కింద పిరమిడ్ కట్టుకుంటున్నావు. దాని మీద పడుకుని పెళ్ళాన్ని వాసన చూస్తున్నావా?"

కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నేనే. గార్ల్యాండ్ మెడ ఎర్రబడింది. మార్లిస్ గుమ్మంలో నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని డెల్మా మాటలే వింటోంది. ఆమె మొహంలో ఏదో కదిలింది కానీ అదేమిటో నాకప్పుడు అంతుబట్టలేదు.

డెల్మా వాల్వు మూసి ట్యాంకు నిండా నీళ్ళు పట్టింది. అరగంట ఆగింది. వంపు బిగించి లాగితే నీళ్ళు మాత్రమే వచ్చాయి. మళ్ళీ పట్టి, పాయిఖానాలోంచి సన్నటి గొట్టం దింపి ఒత్తిడి నీళ్ళు కొట్టించింది. మూడోసారికి లోపల కొండచరియ విరిగినట్టు చప్పుడైంది. ప్లాస్టిక్ వంపు నల్లగా నిండిపోయింది, పోయింది, మళ్ళీ నిండింది. ఆ కంపుకు మాలో ఇద్దరు లేచి వెళ్ళి వాంతి చేసుకున్నారు. అంతలో చేతిరుమాలు ముక్క ఒకటి వచ్చి వంపులో అడ్డం పడింది. డెల్మా వాల్వు మూసి, వంపు ఊడదీసి, రుమాలును వేళ్ళతో విప్పింది. మరకలు ఇంకా గోధుమ రంగులో ఉన్నాయి. లోపల రెండు పళ్ళున్నాయి. ఒకదానికి బంగారు తొడుగు.

మార్లిస్ మెట్లు జారి పడి పళ్ళు ఊడాయని నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ నాడు గార్ల్యాండే మాకు చెప్పాడు. జారిపడ్డ మనిషి పళ్ళు గుడ్డలో మూటగట్టి పాయిఖానాలో ఎందుకు వేస్తుంది?

"అవి దీంట్లో ఎందుకు వేశావే?" అన్నాడు గార్ల్యాండ్ మెల్లగా, గుమ్మం వైపు తిరిగి.

"మీరే... కనపడకుండా పారెయ్యమన్నారు కదండీ," అంది మార్లిస్.

గార్ల్యాండ్ చెయ్యి తిప్పి ఆమె మొహం మీద కొట్టాడు. మెట్టు అంచుకు ఆమె నుదురు తగిలి చీలింది. మా ఏడుగురి ముందు, పట్టపగలు. తన ట్యాంకూ ఆమె పళ్ళూ బయటపడ్డాక ఇక దాచేదేముందనుకున్నాడో ఏమో, జుట్టు పట్టి రెండోసారి తలను మెట్టుకేసి కొట్టాడు. మూడోసారికి చెయ్యెత్తేసరికి డెల్మా పక్కనున్న నీళ్ళ గొట్టం అందుకుని విసురుగా తిప్పింది. దాని చివరి ఇత్తడి మూతి అతని నోటి మీద పడింది. పెదవి రెండు ముక్కలైంది.

"పళ్ళెన్ని పోయాయో నువ్వూ లెక్కెట్టుకో!" అంది డెల్మా.

అతను ఉమ్మిన నెత్తురు ఆమె మొహాన పడింది. తరవాత జరిగింది కొట్లాట కాదు. అతను మూడు వందల పౌండ్ల మనిషి, ఆమె నా భుజం దాకా రాదు. మెడ పట్టి తలను బంపరుకేసి రెండుసార్లు కొట్టాడు. కింద పడేసి మోకాలితో పక్కటెముకల మీద కూర్చున్నాడు. అవి విరిగిన చప్పుడు నేను విన్నాను, ఎండు కొమ్మ విరిచినట్టు. ఆమె గోళ్ళతో అతని చెంప చీరింది, బొటనవేలు కంట్లో గుచ్చింది. అతను గొట్టం తీసుకుని ఆమె మెడకు చుట్టి రెండు చేతులా బిగించాడు. డెల్మా మొహం నీలం అయింది. మడమలు ఇసుకలో కొట్టుకుంటున్నాయి.

మేం కూర్చునే ఉన్నాం. ఏడుగురు మగాళ్ళం! ముసలితనం అంటాం, గుండె జబ్బు అంటాం, ఎన్నైనా అంటాం. నా కాళ్ళు కదల్లేదు, అంతే. పిరికితనానికి ఇంకో పేరు పెట్టను.

కదిలింది మార్లిస్. కళ్ళలోకి నెత్తురు కారుతుంటే తడుముకుంటూ దిగి, ఇసుకలో ఉన్న డెల్మా రెంచి ఎత్తింది. రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. మొదటి దెబ్బ అతని భుజం మీద పడింది. అతను తిరిగి చూశాడు, నమ్మలేనట్టు.

"మార్లిస్, కింద పెట్టు. చెబుతున్నా, పెట్టు," అన్నాడు.

ఆ గొంతుకు ఆమె చేతులు అలవాటుగా కిందికి దిగడం చూశాను. నా ప్రాణం అక్కడే పోయిందనుకున్నాను. అప్పుడామె మళ్ళీ ఎత్తింది. రెండో దెబ్బకు మోచెయ్యి, మూడో దెబ్బకు మణికట్టు. ఎముక తోలు చీల్చుకుని తెల్లగా బయటికి వచ్చింది. అతను ఆబోతులా అరిచాడు. ఆమె నాలుగోది తల మీదికి ఎత్తుతుంటే డెల్మా నేల మీద నుంచే ఆమె కాలు పట్టుకుంది.

"చాలు... చాలమ్మా. జైలుకెళ్తే వాడే గెలుస్తాడు," అంది, నొక్కుకుపోయిన పీల గొంతుతోనే.

అప్పుడు లేచాం మేం, వీరుల్లాగా. నలుగురం అతని మీద కూర్చున్నాం. పోలీసులు రావడానికి ముప్పావు గంట పట్టింది. ఒకడు పళ్ళను సంచిలో వేసుకున్నాడు, ఒకడు మా సాక్ష్యం రాసుకున్నాడు. మేం అన్నీ చెప్పాం. బాగానే చెప్పాం. నవంబరు నుంచి విన్నవన్నీ తేదీలతో సహా గుర్తున్నాయి మాకు.

గార్ల్యాండ్‌ను తీసుకెళ్ళాక డెల్మాను అంబులెన్సు ఎక్కించబోయారు. ఆమె ఒప్పుకోలేదు. ఒక చేత్తో పక్కటెముకలు పట్టుకుని, "సగం కడిగిన ట్యాంకు వదిలెళ్ళేది లేదు" అంటూ వాళ్ళను బూతులు తిట్టి మళ్ళీ గొట్టం బిగించింది. ఈసారి నేను వెళ్ళి నీళ్ళు పట్టాను, ఆమె అడక్కుండానే. మరో నాలుగుసార్లు నింపి వదిలాం. చివరికి వంపులోంచి నీళ్ళు తేటగా వచ్చాయి. గాలి తిరిగింది. కంపు పోయింది. అంత త్వరగా పోతుందని నేననుకోలేదు.

మార్లిస్ నుదుటికి కట్టుతో మెట్టు మీద కూర్చుని ఉంది. చాలాసేపు గాలి పీలుస్తూ ఉండిపోయింది. తరవాత లేచి డెల్మా దగ్గరికి వచ్చింది.

"అయితే ఆ కంపు ట్యాంకుదేనా?" అంది.

"ట్యాంకుదే. వాడి తెలివిది."

"రోజుకు రెండుసార్లు స్నానం చేసేదాన్నండీ. మూడోసారి చేస్తే నీళ్ళు ఎక్కువయ్యాయని కొట్టేవాడు. అందుకని బ్లీచుతో తుడుచుకునేదాన్ని." ఆమె చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచింది. పుండ్లూ, మానిన పుండ్లూ. ఆ చేతిని డెల్మా మొహానికి దగ్గరగా పెట్టింది. "మీకు కంపుల సంగతి తెలుసు కదా. ఒక్కసారి వాసన చూసి చెప్పండి. నిజం చెప్పండి, నేనేమీ అనుకోను."

తల నుంచి కాళ్ళ దాకా పదకొండేళ్ళ పెంట పట్టుకుని ఉన్న డెల్మా తొడుగులు విప్పింది. విరిగిన ఎముకలతో వంగలేక, ఆ చేతినే మెల్లగా పైకి తెచ్చుకుని ముక్కుకు ఆనించి పీల్చింది. తొందరపడలేదు.

"సబ్బు వాసన," అంది. "ఇంకేమీ లేదు తల్లీ."

"నిజంగానా?" అంది మార్లిస్. రెండో చెయ్యి కూడా చాచింది.