మూసిన గుడిసె ముందు కరియ

కుక్క గడప దాటి లోపలికి వస్తే భీమక్క లేచి నిలబడేది.

చేతిలో చాట ఉన్నా, ఒళ్ళో శెనక్కాయలున్నా సరే, అన్నీ పక్కన పెట్టి గోడవారకు తప్పుకునేది. అది పోయి గుంజ పక్కన పడుకున్నాక మళ్ళీ కూర్చునేది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే దారిలో ఉన్న ఆ పల్లెలో అంతకుముందు కుక్కను చూసి లేచిన ఆడమనిషి లేదు. అందుకని నవ్వారు జనం. నవ్వరూ మరి! కానీ పగలు నవ్వినవాళ్ళే పొద్దు గుంకే వేళ ఆ కుక్క ఎదురుపడితే గొంతు తగ్గించి, పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్ళు. అదీ చెప్పుకోవాలి.

కుక్క పేరు కరియ. ఒళ్ళంతా కాటుక నలుపు. భీమక్క మొగుడు ఎల్లప్ప దాన్ని కళ్ళు తెరిచీ తెరవని కూనగా ఉన్నప్పుడు ఆలూరు సంత నుంచి చంకలో పెట్టుకొచ్చాడు. ఎల్లప్పకు కొద్దిపాటి నల్లరేగడి చేను, ఒక బండి, జత ఎద్దులు. చుట్టుపక్కల పల్లెల్లో పత్తి ఎత్తి ఆదోని మండీలకు బాడుగకు తోలేవాడు. బండి నడుస్తుంటే కరియ బండి కింద, ఇరుసు నీడ తప్పకుండా నడిచేది. ఎక్కడ ఆగినా అతని పక్కనే కూర్చునేది. దారి పొడుగునా దానితో ఒకటే కబుర్లు.

"ఆ కుక్కతో మాట్లాడేదాంట్లో సగం నాతో మాట్లాడినా నా బతుకు బాగుపడును," అని భీమక్క వినపడేటట్టే గొణిగేది. ఎల్లప్ప నవ్వేవాడు.

ఆ ఇంట్లో పిల్లలు లేరు. ఉన్నది వాళ్ళిద్దరూ, కరియ, పక్కింట్లో మరిది గిడ్డయ్య. ఇద్దరి మధ్యా ప్రేమ లేదని కాదు, బోలెడంత ఉంది. మొండితనం అంతకు రెట్టింపు ఉంది, అదీ ఇద్దరికీ సమానంగా.

మన తాలూకాలు బళ్లారి నుంచి తెగి కర్నూలులో కలిసిన ఏడాది ఎండాకాలంలో ఇద్దరికీ చెడింది. తుగ్గలిలో అక్క కూతురి పెళ్ళికి పోవాలంది భీమక్క. పత్తి తోలే కాలంలో పెళ్ళేంది పేరంటమేంది అన్నాడు ఎల్లప్ప. అంతే, ఆమె మాట మానేసింది. భీమక్క అలిగితే ఇంట్లో గిన్నెలే మాట్లాడాలి.

మరునాడు తెల్లవారకముందే అతను బండి కట్టాలి. ఎండ ముదరకముందే ఆదోని చేరాలి. భీమక్క జొన్నరొట్టెలు కాల్చింది, శెనక్కాయల పొడి వేసింది, గుడ్డలో మూటకట్టింది. మామూలుగా అయితే బండి దాకా పోయి అతని చేతికిచ్చేది. ఆ రోజు చిలుక్కొయ్యకు తగిలించి, పొయ్యి ముందు కూర్చుంది.

ఎల్లప్ప అడగలేదు. నిన్న సాయంత్రం కందెన పెట్టిన ఇరుసుకే మళ్ళీ కందెన పెట్టాడు. గట్టిగా ఉన్న తాళ్ళను విప్పి మళ్ళీ కట్టాడు. ఎద్దుల గంటలు సవరించాడు. ఆమె బయటికి వస్తుందని చూస్తున్నాడు. ఆ సంగతి భీమక్కకు తెలుసు. తెలిసే, చల్లారిన బూడిదను పుల్లతో గెలుకుతూ కూర్చుంది. పొద్దు బారెడెక్కింది. చివరికి ఎద్దులను అదిలించిన చప్పుడు వినబడింది. రొట్టెల మూట కొయ్యకే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆదోనిలో పత్తి వ్యాపారి రామకృష్ణయ్య మండీ వాకిట్లోకి ఎద్దులు వాటంతటవే బండిని లాక్కొచ్చి ఆగాయి. ఎల్లప్ప పత్తి మీద బోర్లా పడి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నారు. కరియ బండి కింద నుంచి బయటికి రాలేదట, ఎంత పిలిచినా రాలేదట. వడదెబ్బ అన్నారు. శవం తన బండిలోనే ఇంటికొచ్చింది.

అన్నం తినకుండా పోయినాడే! భీమక్క గుండెలు బాదుకుంటూ ఏడ్చిన మాట అదొక్కటే. చుట్టూ చేరినవాళ్ళు ఓదార్చారే గానీ, ఆ మూట ఎందుకు కొయ్యకుందో ఎవరికీ తెలియదు.

పెద్దదినం నాడు సమాధి దగ్గర విస్తరి వేసి కూడు పెట్టారు. కాకి రాలేదు. పోయినవాడి కోరిక ఏదో మిగిలిపోయింది, మాట ఇస్తే కాకి వాలుతుందని పెద్దలన్నారు. "నీ ఎద్దుల్ని అమ్మంలే అన్నా," అన్నాడు గిడ్డయ్య. రాలేదు. "వదినను నేను సూసుకుంటా," అన్నాడు. రాలేదు. భీమక్కకు మాత్రం తెలుసు ఏమనాలో. అంత మంది ముందు ఆ మాట అనలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆకాశంలో ఒక్క రెక్క కదలలేదు. అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో కరియ, అందరి కాళ్ళ మధ్య నుంచి దూరి విస్తరి ముందుకు పోయింది. గిడ్డయ్య కట్టె ఎత్తాడు.

"కొట్టొద్దు!" అని కేక పెట్టింది భీమక్క. "ఆయప్ప తింటాండాడు. తిననీ."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. కుక్క విస్తరి నాకి, తల ఎత్తి, సూటిగా ఆమె మొహంలోకి చూసింది. చూసిందనే ఇప్పటికీ చెబుతారు.

ఆ రోజు నుంచి కరియ ఆమెకు కరియ కాదు. మొగుడి పేరు నోట పలకని ఆడది, మొగుడు చేరిన కుక్క పేరు ఎట్లా పలుకుతుంది? "రాప్పా," "తినప్పా," అనేది. ముందు దానికి పెట్టి, అది తిన్నాకే తాను తినేది. అది మధ్యలో రొట్టె వదిలేసి లేచిందంటే ఆ పూట ఆమెకూ ముద్ద దిగేది కాదు. గిడ్డయ్య తల కొట్టుకున్నాడు.

"ఏంది వదినా ఇది? కుక్కకు మర్యాదలా? నలుగురూ నగుతాండారు!"

"నగనీ. నీకు అన్న గదా, నువ్వు గూడా రవ్వంత మర్యాదగా మాట్లాడు."

గిడ్డయ్య కుక్కవైపు చూశాడు. కుక్క అతనివైపు చూసింది. అతను గొణుక్కుంటూ బయటికి పోయాడు.

భీమక్క దానితో మాట్లాడేది, ముద్దలు పెడుతూ, దువ్వుతూ. "కోపమా? ఇంగా కోపమేనా?" కుక్క రెప్పవేయకుండా చూసేది. ఒక్కోసారి ఎవరూ లేని వాకిలివైపు చెవులు నిక్కబొడిచి, లేచి, తోక కొంచెంగా ఆడించేది.  అప్పుడు ఆమెకు భయం వేసేది, ఆశా పుట్టేది. మొగుడు ఆకలితో పోయాడా, తన మీద కోపంతో పోయాడా? ఆమెకు తెలియవలసింది ఇదొక్కటే. దానికి జవాబు ఆ నల్లటి తలలో ఉందని ఆమె నమ్మకం.

ఇప్పుడు బండి గిడ్డయ్య తోలుతున్నాడు. ఒక రోజు భీమక్క కూడా ఎక్కింది. ఒళ్ళో రొట్టెల మూట. కరియ ఎప్పటిలాగే ఇరుసు కింద. సగం దారిలో ఒక మలుపు దగ్గర, ఎవరూ ఆపకుండానే, ఎద్దులు ఆగిపోయాయి. దారి పక్కన ఒంటరి గుడిసె, వాకిలికి కంప అడ్డం కట్టి ఉంది. మిట్టమధ్యాహ్నం. కనుచూపు మేర బీడు నేల, మనిషి అలికిడి లేదు.

"నీళ్ళకు ఆగినాయిలే," అన్నాడు గిడ్డయ్య. అక్కడ నీళ్ళు లేవు.

కరియ బండి కింద నుంచి బయటికి వచ్చి, గుడిసె ముందు కూర్చుంది. తల పైకెత్తింది. ఎదురుగా ఎవరో నిలబడి ఉంటే వాళ్ళ మొహం ఉండవలసిన ఎత్తుకు చూస్తూ తోక ఆడించింది. కాసేపటికి లేచి బండివైపు వచ్చింది. నేరుగా రాలేదు. పక్కన ఒక మనిషికి చోటు వదిలి, వాళ్ళ నడకకు తన నడక కలిపినట్టు వచ్చింది. అప్పుడు ఎద్దులు కదిలాయి. గిడ్డయ్య వెనక్కి తిరిగి చూడలేదు, ఆదోని దాకా.

తిరుగు దారిలో భీమక్క దిగి, మూటను ఆ కంప దగ్గర పెట్టింది. "తినప్పా," అంది గాలితో. తర్వాతిసారి పోయినప్పుడు అక్కడ గుడ్డ కూడా లేదు. మేకలు తిన్నాయో, బాటసారులు ఎత్తుకుపోయారో, ఎవరైనా అదే అనుకుంటారు. భీమక్క అట్లా అనుకోలేదు. బండి పోని రోజుల్లో కూడా కరియ తెల్లారి ఆ దారి పట్టేది, ఆమె మూట పట్టుకుని వెనకాల నడిచేది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. మొగుడు బతికుండగా ఇంత దూరం ఎప్పుడైనా వెంట నడిచిందా? లేదు. ఎద్దుల జాతరకు రమ్మంటే కూడా కాళ్ళు నొస్తాయంది.

వానలు వచ్చి పోయాయి. చేలల్లో పత్తి పగిలే కాలానికి, ఒక రోజు ఆ మలుపు తిరిగేసరికి గుడిసె నుంచి పొగ లేస్తోంది. భీమక్క ఆగిపోయింది. కరియ మాత్రం ఆగలేదు. దుమ్ము లేపుకుంటూ పరుగెత్తింది.

కంప తీసి ఉంది. లోపల నుంచి ఒక పెద్దామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఓరి కరియా! బతికినావా నాయనా! యాడరా మీ అప్ప?"

కుక్క ఆమె చుట్టూ గిరగిరా తిరిగింది, ఎగిరింది, కుయ్ కుయ్ మంది, వెనక కాళ్ళ మీద నిలబడింది. ఆమె బాణలి పక్క నుంచి ఒక మిరపకాయ బజ్జీ తుంచి విసిరితే గాల్లోనే అందుకుంది. ఇంకోటి కావాలని మొరిగింది. ఇన్ని నెలలు ఇంట్లో పెద్దమనిషిలా కూర్చున్న ప్రాణి, బజ్జీ కోసం పిల్లకూనలా గెంతుతుంటే భీమక్క కళ్ళప్పగించి చూసింది. సిగ్గేసింది కూడా.

ఆ పెద్దామె తిమ్మమ్మ. బండ్లవాళ్ళకు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేసి అమ్ముతుంది. కూతురి కాన్పుకని సిరుగుప్ప పోయి, జబ్బుపడి ఇన్నాళ్ళూ అక్కడే ఉండిపోయింది. ఎల్లప్ప సంగతి వినగానే బుగ్గన చేయి పెట్టుకుని కూలబడింది.

"నేను సిరుగుప్ప పోయిన దినమే గదా! నాకు బాగ గుర్తుండాది. ఆ పొద్దు ఆఖరి బేరం ఎల్లప్పదే. ఆయన పోయినాంకనే కంప కట్టినా."

 భీమక్క అడిగింది. "ఏమన్నా తినెనా?"

"తినకుండా? రెండు గిన్నెలు ఉగ్గాని తిన్యాడు. బజ్జీలు దీనికి సగం, ఆయప్పకు సగం. ఎప్పుడూ అంతే. మొగం ఎండకు కందిపోయింటే, కూకో నాయనా, ఎండ తగ్గినాంక పోదువు అంటి. మండీ మూస్తారని వినలే."

"కోపంగా ఉండెనా?"

"కోపమా! నగుతాండె. 'ఇంట్లో యుద్ధం యక్కా. రొట్టెల మూట కొయ్యకే ఉండాది, సూసినా. అడిగితే నేను ఓడిపోతా. అడక్కుంటే నీ ఉగ్గాని తినొచ్చు' అన్యాడు. 'మా ఆడది మూడు దినాలు మాట్లాడదు. ఆ పైన ఒకపారి బాగ తిడతాది. ఆ తిట్లు పడినాంకనే నాకు ఇల్లు ఇల్లు మాదిరి ఉంటాది' అన్యాడు. దాని కోసరమే సూస్తాండా అని నగుకుంటా బండెక్కె."

 భీమక్క ఆమెకు కాకి రాని సంగతి, విస్తరి సంగతి చెప్పింది. తిమ్మమ్మ కుక్కవైపు చూసింది.

"ఆ దినాలల్లో దీనికి ఎవురన్నా పిడికెడు కూడు పెట్నారా?"

పెట్టలేదు. చావింట్లో కుక్కను ఎవరు తలుస్తారు? ఆకలేసింది, తినింది. అంతేనా? అంతే. కరియ తిమ్మమ్మ కాళ్ళ దగ్గర మూతి నాక్కుంటోంది. అది కుక్క. మంచి కుక్క. అంతకన్నా ఏమీ కాదు.

తిమ్మమ్మ తినమంటే తినలేక, భీమక్క తిరిగి ఇంటిదారి పట్టింది. బరువు దిగిపోయి గుండె తేలికపడాలి కదా? పడలేదు. ఇన్నాళ్ళు కోపంతోనైనా ఒక మొగుడు ఆమె ముందు నడిచాడు, గుంజ పక్కన పడుకున్నాడు, ఆమె పెట్టింది తిన్నాడు. ఇప్పుడు కోపం లేదు, ఆకలి లేదు. ఆమెకు మిగిలింది కుక్క, ఖాళీ దారి. కొంతదూరం నడిచింది. దారి మధ్యలో నిలబడి తిట్టడం మొదలుపెట్టింది.

"నిన్ను ఎవురు పొమ్మన్యారు ఎండలో? ఆ యమ్మ కూకోమంటే కూకోగూడదా? మూట ఇయ్యే అని ఒక్క మాట అంటే నీ నోరు అరిగిపోతాదా? ఓడిపోతాడంట! పెద్ద మొనగాడు! నేను పొయ్యి కాడ కూకోని సస్తాంటే, బయట గంటలు తుడుస్తాడంట! గెలిచినావు గదా, గెలిచి యాడికి పోయినావప్పా?"

గొంతు ఊరవతలికి వినబడేటట్టు తిట్టింది. కరియ తన్నే అనుకుని చెవులు వాల్చి దూరంగా నిలబడింది. వెనక నుంచి పత్తి బండి ఒకటి వచ్చింది. ముసలి బండివాడు ఎద్దులను నిలిపి, అటూ ఇటూ చూశాడు.

"ఎవుర్ని తిడ్తాండావు తల్లీ?"

"మా ఇంటాయప్పను."

"యాడుండాడు?"

భీమక్క నోరు తెరిచింది. కుక్కవైపు చూడలేదు.

"లేడప్పా," అంది. "సచ్చిపోయినాడు."

అని, దుమ్ములో కూర్చుని ఏడ్చింది. బండివాడు ఎద్దులను తోలలేక అట్లాగే నిలబడ్డాడు.