నాన్న ఇంజక్షన్ నా పెట్టెలో ఉన్న రోజులు

ఆ ఉదయం డ్యూటీకి తెల్లచీర కట్టుకుంటుంటే అద్దంలో ఎవరో పరాయి మనిషి ఉన్నట్టనిపించింది. జ్వరం లేదు, నొప్పి లేదు. కుచ్చిళ్ళు మాత్రం మూడుసార్లు విప్పి మళ్ళీ పెట్టుకున్నాను. డెబ్భైల నాటి మాట. నాకు ఇరవై ఆరేళ్ళు, పటమటలో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుని. రెండు రోజులకి అదే చీర హాయిగా కట్టుకున్నాను. వారం తిరక్కుండా మళ్ళీ నేను మగవాణ్ణనే అనిపించింది. అలా వస్తూ పోతూ ఉండేది. ఇవాళ దీనికి పేర్లున్నాయట. చర్చికి వెళ్ళే ఇంట్లో పుట్టిన నాకు అప్పుడు తెలిసిన పేరు పాపం ఒక్కటే.

మా నాన్న కాలవ మీద లస్కరు, లాకు తలుపులు ఎత్తి దించే పని. ఆ ఏడాదే వరిబీజం ఆపరేషన్ వికటించి ఆయనకి రెండు వృషణాలూ తీసెయ్యాల్సి వచ్చింది.

"హార్మోన్ ఇక తయారు కాదు సిస్టర్. మూడు వారాలకో టెస్టోస్టిరోన్ ఇంజక్షన్, లైఫ్‌లాంగ్," అన్నారు మా డాక్టరుగారు.

ఇంట్లో వేసే పని నాది. అసలు సంగతి ఎత్తడానికి నాన్నకి సిగ్గు. దాన్ని "బలం సూది" అనేవాడు.

ఒకరోజు రౌండ్స్ అయ్యాక డాక్టరుగారిని అడిగాను, "ఆడవాళ్ళకిస్తే ఏమవుతుందండీ?"

"పీరియడ్స్ ఆగుతాయి, గడ్డం మీసం వస్తాయి, గొంతు మగగొంతవుతుంది. గొంతు మారిందంటే మళ్ళీ వెనక్కి రాదమ్మా. ఎందుకూ?"

"ఊరికే అండీ."

ఆ తర్వాత తెచ్చిన ఇంజక్షన్ ఆంప్యూల్ నాన్నకి వెయ్యలేదు. నా ట్రంకు పెట్టెలో చీరల అడుగున దాచాను. "మద్రాసు నుంచి స్టాకు రాలేదు నాన్నా," అని అబద్ధమాడాను, అదీ ఆయన మొహంలోకి చూస్తూనే!

ఒక పొద్దున సిరంజి మరగబెట్టి సిద్ధం చేసుకునేదాకా వెళ్ళాను. నీళ్ళు చల్లారేలోపు మనసు మారింది. వెనక్కి మళ్ళని మగగొంతు నాకు రోజూ కావాలా, కొన్ని రోజులే కావాలా? తేల్చుకోలేకపోయాను. నేనూ వేసుకోలేదు, ఆయనకీ వెయ్యలేదు. ఛీ, ఏం బతుకు నాది! ఐదు వారాలు అలాగే గడిచాయి.

నాన్న ఒళ్ళంతా ఆవిర్లని చొక్కా విప్పి కూర్చునేవాడు. లాకు తలుపు ఎత్తలేక పక్క లస్కరుని బతిమాలుకున్నాడు. ఓ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఏడ్చేశాడు.

"ఇంక నేను మగాణ్ణేంట్రా మార్తా," అన్నాడు.

ఆడపిల్లనైనా నన్ను ఆయన ఎప్పుడూ "ఒరేయ్" అనే పిలిచేవాడు. లేచి పెట్టె తెరిచి, ఆంప్యూల్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. "స్టాకు ఉంది నాన్నా. నేనే దాచాను. నేను వేసుకుందామని."

నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. "ఓరి పిచ్చిమొహమా! నైట్ డ్యూటీలు చేసీ చేసీ నీరసమొచ్చిందా? బలం సూదేగా. అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదరా."

కాదు నాన్నా, అది కాదు అని నోటిదాకా వచ్చింది. తలూపి, ఆయనకి వెయ్యడానికి సిరంజి మరగబెట్టాను.

అప్పట్నుంచి బతికున్నన్నాళ్ళూ, సూది వేసేముందు నాన్న చెయ్యి అడ్డం పెట్టేవాడు. "సగం నువ్వెక్కించుకోరా, నాకు సగం చాల్లే." ప్రతిసారీ మొత్తం ఆయనకే వేసేదాన్ని.

నేను ఇప్పటికీ వేసుకోలేదు. క్రాపు జుట్టు, కొన్ని రోజులు లుంగీ చొక్కా, కొన్ని రోజులు చీర. ఈమధ్యే ఇప్పటి డాక్టరుకి దాపరికం లేకుండా చెప్పుకున్నాను. "వయసు మీద పడింది, బీపీ ఉంది. బ్లడ్ టెస్టులు చేసి చూద్దాం, తొందరేం లేదు," అన్నారాయన. మీలో ఎవరైనా ఈ ఆలోచనలో ఉంటే ఎన్నాళ్ళైనా ఆలోచించండి, కానీ మరొకరి మందు దగ్గర పెట్టుకుని ఆలోచించకండి. ముందు డాక్టరుకి, మీ మనిషనుకున్న ఒక్కరికి, ఉన్నదున్నట్టు చెప్పండి.

నిజం తెలిసినా మా నాన్న ఆ సగం ఇస్తాననేవాడేమో. అనే అవకాశం ఆయనకి నేనే ఇవ్వలేదు.