చాయ్‌కీ గోలీకీ మధ్య గంట

మా ఊరి సిస్టరమ్మ పోయిందని మొన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. మోత్కూర్ పక్కన మా ఊళ్లో సర్కారు సూదులూ గోలీలూ ఆమె చేతి మీదుగానే వచ్చేవి. అయ్యో అన్నాను. ఏడుపైతే రాలేదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను పదో తరగతి. తమ్ముడి బలపాలు, డబ్బాలో బియ్యం దొంగతనంగా నమిలేదాన్ని. చదివింది గుర్తుండేది కాదు, క్లాసులో కునికేదాన్ని. దీనికి చదువు అబ్బదు, బడి మాన్పించి పత్తి ఏరడానికి తోలుతానని బాపు తేల్చేశాడు. సిస్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం లేదని ఐరన్ గోలీలిచ్చింది. మూడు నెలలు మింగినా రక్తపరీక్షలో మార్పు లేదు. పారేస్తున్నావా అని గద్దించింది.

"లేదు. వాంతొస్తదంటే చాయ్‌తోని మింగమని మీరే చెప్తిరి గద. గట్లనే మింగుతున్న."

కడుపులో తిప్పుతుందని ఆడవాళ్లు గోలీలు పెంటకుప్పలో వేస్తుంటే, ఎట్లాగైనా మింగించాలని ఊరందరికీ ఆ ఉపాయం చెప్పింది ఆమే. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదని ట్రైనింగులో విన్నదేనట, మరిచిపోయిందట.

ఆ సాయంత్రం నుంచి ఇల్లిల్లూ తిరిగి, వాకిట్లో నిలబడి, తప్పు చెప్పానని ఒప్పుకుంది. నర్సమ్మకే తెల్వకపాయె అని మా చిన్నమ్మ మూతి తిప్పింది. కొలువులో ఉన్న మనిషి అట్లా ఒప్పుకోవడం నేను మళ్లీ చూడలేదు.

మా ఇంటికొచ్చి ఇంకో మూడు నెలలు ఆగమని బాపును అడిగింది. గోలీ మింగితే తెలివొస్తదా అని బాపు ఎకసెక్కమాడాడు.

"గోలీ తెలివి పెట్టదన్నా. ఉన్న తెలివికి అడ్డం తీస్తది. తప్పు నాది, పిల్లది గాదు."

అయినా బాపు నన్ను పత్తి చేనుకు తోలలేదు. గోలీకి నిమ్మకాయ నీళ్లు, చాయ్‌కి గంట ఎడం. కొన్నాళ్లకు బలపాల మీద యావ పోయింది, కునుకు తగ్గింది. పది పాసయ్యాను, మామూలు మార్కులతోనే. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేస్తాను.

నాకు ఐదో నెల, చావింటికి పోవద్దని అత్తమ్మ అన్నది. అయినా నిన్న పోయాను. పక్కింటామె అందరికీ చాయ్ తెచ్చి ఇచ్చింది. బస్సు దిగగానే గోలీ వేసుకున్నాను, ఇంకా గంట కాలేదు. గ్లాసు సిస్టరమ్మ కూర్చునే అరుగు మీద పెట్టాను. అప్పుడొచ్చింది ఏడుపు. చూస్తుండగానే చాయ్ మీద మీగడ కట్టింది.